చెవిమిషను కేసు

తవిటయ్యకి చెవుడు ఒక్కరోజున రాలేదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ల రేకుల్ని కలిపే రివిట్లు దడదడా కొట్టే సెక్షన్లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకి వచ్చినట్టే కొద్దికొద్దిగా వచ్చింది. ముందు గోడగడియారం చప్పుడు పోయింది. తరవాత తలుపు కొట్టిన చప్పుడు పోయింది. ఆ తరవాత భార్య హైమవతి గొంతు పోయింది.

ఊళ్లోనే సుభాష్‌పల్లిలో వాళ్లది రెండు గదుల అద్దె ఇల్లు. కూతురు పెళ్లయి టాటానగర్ వెళ్లాక ఇంట్లో మిగిలింది ఇద్దరే. ఆ ఇద్దరిలో ఒకరికి వినబడకపోతే ఇంక మాటలేముంటాయి? హైమవతి వంటింట్లోంచి అరిచేది. అరిస్తే ఏ మాటైనా తిట్టులాగే ఉంటుంది. అన్నానికి రమ్మన్నా తగువాడినట్టే ఉండేది. ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని సగం మాటలు మింగేసేది. తవిటయ్య కూడా "ఏటీ, ఏటీ" అని అడిగి అడిగి, సిగ్గేసి, చివరికి అడగడం మానేశాడు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేవాడు.

వర్క్‌షాపులో అతనికి చెవుడని తోటివాళ్లందరికీ తెలుసు. ఆఫీసర్లకి తెలీదు. అతనిప్పుడు రివిట్లు కొట్టడం లేదు. పైన నడిచే క్రేన్ కింద నిలబడి, ఎత్తమనీ దించమనీ చేత్తో సైగలు చేసే పని. ఆ పని చేసేవాడికి చెవులు బాగుండాలని రూలు. ఫోర్‌మన్ సుందర్ రాజూ, అతనూ ఒకప్పుడు పక్కపక్కన నిలబడి రివిట్లు కొట్టినవాళ్లు. అందుకని సుందర్ రాజు చూసీ చూడనట్టు నెట్టుకొస్తున్నాడు.

తొంభయ్యో సంవత్సరం వేసవిలో హైమవతి ఒక తెలుగు వారపత్రికలో ప్రకటన చూసింది. కలకత్తాలో 'నవశ్రుతి' అనే కంపెనీ. చెవిమిషను పోస్టులో ఇంటికే పంపుతారు. పార్సిల్ తెచ్చిన పోస్ట్‌మన్‌కే డబ్బు కట్టొచ్చు. ఏడాది గ్యారంటీ. పనిచేయకపోతే డబ్బు వాపసు. హైమవతి జాకెట్లు కుట్టి దాచుకున్న డబ్బు మొత్తం దానికి సరిపోయింది. భర్తకి చెప్పకుండా ఉత్తరం రాసి పడేసింది.

పార్సిల్ వచ్చిన రోజు, కూరలు తరిగినంత జాగ్రత్తగా కత్తితో దారాలు తెంపింది. సబ్బుబిళ్లంత పెట్టె, దాన్నుంచి ఒక తీగ, తీగ చివర చెవిలో పెట్టుకునే గుండీ. తవిటయ్య పెట్టెని చొక్కా జేబులో వేసుకుని మీట తిప్పాడు. ఉలిక్కిపడి పైకి చూశాడు.

"ఈ ఫేను ఇంత గోల సేస్తాదేటి?"

హైమవతి అతని వెనకాల నిలబడి, చాలా మెల్లగా పిలిచింది. "బావా."

అతను వెంటనే తిరిగాడు. ఆమె మొహంలోకి చూశాడు.

"నీ గొంతు ఇలగయిపోనాదేటి హైమా?"

"నీ కోసం అరిసి అరిసి అయినాది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ వారమంతా ఇంట్లో మాటలే మాటలు. డ్యూటీకి వెళ్లేటప్పుడు పెట్టె తీసి బీరువాలో పెట్టేవాడు. ఇంటికి రాగానే మళ్లీ తగిలించుకునేవాడు. కూతురి కబుర్లు, ఎప్పుడో చచ్చిపోయిన మేనత్త కబుర్లు, ఏళ్లుగా ఆగిపోయినవన్నీ చెప్పుకున్నారు.

రెండోవారంలో పెట్టె కీచుమంది. ఉన్నట్టుండి ఆగిపోయేది. దాని మీద తడితే మళ్లీ పలికేది. బ్యాటరీ మార్చారు, తీగ సర్దారు. ఒకరోజు బాగానే ఉండేది, ఒకరోజు మొండికేసేది.

ఒక సాయంత్రం ఇద్దరూ పూరీ గేట్ వైపు బంధువులింటికి బయల్దేరారు. అడ్డదారిన పట్టాలు దాటుతున్నారు. మిషను లేనన్నాళ్లూ తవిటయ్య పట్టాల దగ్గర నాలుగువైపులా చూసుకుని గానీ అడుగు వేసేవాడు కాదు. మిషను వచ్చాక ఆ భయం పోయింది. వినబడుతోంది కదా అన్న ధైర్యంతో ముందు నడుస్తున్నాడు. హైమవతి చెప్పులో రాయి దూరితే నాలుగడుగులు వెనకబడింది. తలెత్తేసరికి వ్యాగన్ల వరస చాటునుంచి, బోగీల్ని అటూ ఇటూ మార్చే షంటింగ్ ఇంజను వెనక్కి నడుచుకుంటూ వస్తోంది. హారన్ కొడుతూనే ఉంది. తవిటయ్య ఆ పట్టాల మధ్యే ఆగి, జేబులో పెట్టెని వేలితో తడుతున్నాడు.

హైమవతి అరవలేదు. అరిచి లాభం లేదని ఆమెకి తెలుసు. పరిగెత్తి, చొక్కా కాలరు పట్టుకుని తన బరువంతా వేసి లాగింది. ఇద్దరూ కంకర మీద పడ్డారు. ఇంజను వాళ్ల కాళ్ల పక్కనుంచి వెళ్లిపోయింది. మోచేయి చీరుకుపోయి తవిటయ్యకి రక్తం కారుతోంది. అతను దాన్ని చూసుకోవడం లేదు. వెళ్లిపోతున్న ఇంజన్ని చూస్తూ, "ఇనబళ్లేదే, ఏటీ ఇనబళ్లేదే" అంటున్నాడు.

మర్నాడే హైమవతి మిషనుని రిజిస్టర్ పార్సిల్లో కంపెనీకి తిప్పి పంపింది. కొన్నాళ్లకి అదే పార్సిల్ తిరిగొచ్చింది. చెమట తగిలి పాడైంది, అది వాడినవాళ్ల తప్పు, ఒకసారి విప్పిన సరుకు వాపసు తీసుకోబడదు అని రెండు ముక్కలు రాశారు. ఆమె మళ్లీ రాసింది. జవాబు లేదు.

పక్కింట్లో సూసన్న ఉండేది. రైల్వే ఆసుపత్రిలో నర్సు. తవిటయ్య మోచేతికి కట్టు కట్టింది ఆవిడే. సంగతంతా విని అంది:

"ఊరుకోకు హైమా. మిద్నాపూర్‌లో వినియోగదారుల ఫోరం పెట్టినారు. లాయరు అక్కర్లేదు. తెల్లకాగితం మీద జరిగినాది జరిగినట్టు రాసి ఇస్తే సాలు. మా ఆసుపత్రిలో ఒక సిస్టర్‌కి కుక్కరు డబ్బులు అలాగే వొచ్చినాయి."

"కోర్టంటే బయం అక్కా."

"నువ్వు దొంగతనం సేసినావేటి? బయపడాల్సినోళ్లు ఆళ్లు."

సూసన్న సాయంతో హైమవతి ఫిర్యాదు రాసి ఇచ్చింది. తన భర్తకి మిషను లేకపోతే ఏమీ వినబడదనీ, ఆ మిషను నమ్ముకుని ప్రాణం పోగొట్టుకోబోయాడనీ రాసింది. ఫోరం కంపెనీకి నోటీసు పంపింది.

నోటీసు వెళ్లిన కొద్దిరోజులకే ఒక సాయంత్రం వాళ్ల గుమ్మం ముందు రిక్షా ఆగింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలుసంచీ, నవ్వుమొహం. పేరు నిర్మల్ హాల్దార్ అన్నాడు. నవశ్రుతి కంపెనీ మనిషి.

తవిటయ్య ఎంతో మర్యాదగా కుర్చీ వేశాడు. తనే వెళ్లి వీధి చివర కొట్లో బిస్కట్లు తెచ్చాడు. హైమవతి టీ ఇచ్చింది. హాల్దార్ టీ చప్పరిస్తూ, సగం బెంగాలీ సగం హిందీలో, పెళ్లి కబురు చెబుతున్నట్టు నవ్వుతూ, హైమవతిని వదినా అని వరస కలిపి మాట్లాడాడు.

"బౌదీ, మీరు రాసిన ఫిర్యాదు చదివాను. అందులో నాకు బాగా నచ్చింది ఒకటే మాట. మీవారికి ఏమీ వినబడదట కదా?"

హైమవతి తలూపింది.

"దాదా, అదే మీవారు, పనిచేసేది క్రేన్ కింద. వర్క్‌షాపు గేటు బయట టీ కొట్లో ఎవరినడిగినా చెప్పారు. మరి రైల్వే వాళ్లకి ఆయన చెవుల సంగతి తెలుసా?"

హైమవతి చేతిలో పళ్లెం ఆగిపోయింది.

"మీ ఫిర్యాదు నకలు నా దగ్గరుంది. మీ చేతిరాతే. దాన్ని వర్క్‌షాపు పెద్దసాహెబుకి పోస్టు చెయ్యడానికి ఒక స్టాంపు చాలు. ఉద్యోగం నుంచి దించేస్తారు. ఇన్నేళ్లు దాచినందుకు ఆయన పై ఫోర్‌మన్‌ని కూడా అడుగుతారు." బిస్కట్ టీలో ముంచుకున్నాడు. "నేను చెడ్డవాణ్ని కాను బౌదీ. కేసు వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం నేనే రాసి తెచ్చాను. వాయిదా రోజున సంతకం పెట్టి ఇచ్చెయ్యండి. ఠీక్ హై?"

ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడిన తవిటయ్య, వచ్చిన మనిషి నవ్వుతున్నాడు కాబట్టేమో తనూ కొంచెం నవ్వుతున్నాడు. ఇంకో రెండు బిస్కట్లు హాల్దార్ వైపు జరిపాడు. హైమవతి ఇద్దరినీ చూసింది. తన ఇంట్లో, తన మొగుడి ఎదురుగా, అతని అన్నంలో మన్ను పోస్తానని ఒకడు చెబుతుంటే, ఆ మొగుడే వాడికి మర్యాద చేస్తున్నాడు.

హాల్దార్ వెళ్లాక తవిటయ్య అడిగాడు. "ఏటంతన్నాడు?"

"మిషను మార్సి ఇస్తారట," అని గట్టిగా అరిచి చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది.

తవిటయ్య కుర్చీ తీసి గోడవారకి జరిపాడు.

ఆ తరవాతి రోజులు ఆమెకి అన్నం సయించలేదు. కేసు నడిపితే అతని పని పోతుంది. మానేస్తే ఆ పెట్టెలే ఇంకెందరి జేబుల్లోకో వెళతాయి. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా షంటింగ్ ఇంజను కళ్లముందు కదిలేది. అయినా ఇంటిని కాదని ఊరిని ఏం ఉద్ధరిస్తాను అనుకుని, చివరికి కాగితం మీద సంతకం పెట్టేసింది. సూసన్నకి చెబితే తిడుతుందని చెప్పలేదు. గుడ్డల బజారుకి వెళుతున్నానని భర్తకి అబద్ధం చెప్పి, వాయిదా రోజు పొద్దున్నే మిద్నాపూర్ లోకల్ ఎక్కింది.

బండి కదులుతుండగా ఎవరో పరిగెత్తుకొచ్చి పెట్టెలోకి ఎక్కారు. జనాన్ని తోసుకుంటూ వచ్చి ఆమె ఎదురు బెంచీ మీద కూర్చున్నాడు. తవిటయ్య. డ్యూటీ బట్టల్లో లేడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

హైమవతి చేతిలో కాగితం కొంగు చాటుకి లాక్కుంది.

"కాయితం ఇలాగియ్యి," అన్నాడు చెయ్యి చాపి.

"ఏ కాయితం?"

"ఆ బెంగాలీ బాబు ఇచ్చినాది. స్టాంపు అతికించి పెద్దసాయిబుకి పంపుతానన్నాడు కదా."

"నీకెలా తెలుసు? నీకు ఇనబడినాదేటి?"

"సూసినాను." తవిటయ్య తన పెదాల మీద వేలు పెట్టి చూపించాడు. "రివిట్ల సెక్షన్లో అన్నేళ్లూ ఎవుడి మాట ఎవుడు ఇన్నాడే? ఆ గోలలో దేవుడు మాటాడినా ఇనబడదు. అందరం మూతులు సూసే మాటాడుకున్నాం. తెలుగోడిదీ, బెంగాలీవోడిదీ, బీహారోడిదీ అన్నీ సూసినాను. ఆడు బిస్కట్లు తింతా నా ఎదురుగానే కూకున్నాడు మరి."

ఆమె తెల్లబోయింది. "మరి నా మాట ఎందుకు తెలవదు నీకు?"

అతను కిటికీ వైపు చూసి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "నువ్వు ఒంటింట్లోంచి అరుస్తావు. లేదంతే ఎనక్కి తిరిగి అరుస్తావు. అరిస్తే మూతి ఒంకరైపోద్ది, ఏ మాటో తెలీదు. నా ఎదర కూకుని మాటాడి ఎన్నాళ్లయినాది నువ్వు?"

"సెప్పొచ్చు కదా."

"సిగ్గేసినాది."

బండి కాసాయి నది వంతెన ఎక్కింది. ఇనప దూలాల మోతకి పెట్టెలో ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. ఆ మోతలోనే హైమవతి, గొంతు ఎత్తకుండా, పెదాలతోనే అడిగింది. 'కేసు వొదిలేద్దాం బావా. నీ పని పోద్ది.'

అతను చదివాడు. ఆమె చేతిలో కాగితం తీసుకుని, మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. "అక్కడికెల్లినాక సూద్దాం," అన్నాడు. చింపలేదు. ఇస్తాడో మానేస్తాడో ఆమెకి అర్థం కాలేదు.

ఫోరం ఒక పాత ఇంట్లో ఉంది. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షుడు, రిటైరైన జడ్జి. ఒక పక్కన ఒక పెద్దాయన, ఇంకో పక్కన ఒక టీచరమ్మ. హాల్దార్ ముందే వచ్చి ఉన్నాడు. హైమవతిని చూసి, కాగితం తెచ్చావా అన్నట్టు కళ్లతోనే అడిగాడు. తవిటయ్యని చూసి మాత్రం అతని నవ్వు కాస్త తగ్గింది.

పేర్లు పిలిచారు. అధ్యక్షుడు ఏదో అడిగాడు. తవిటయ్య కళ్లు చిట్లించి చూసి, చేతులు జోడించి హిందీలో అన్నాడు: "సాబ్, మీ మీసాలు పెదాల మీద పడుతున్నాయి. నాకు మాట తెలీడం లేదు."

గదిలో ఎవరో నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు. ఆయన అన్నది టీచరమ్మ తవిటయ్య వైపు తిరిగి, తాపీగా మళ్లీ చెప్పింది. "మీరు ఫిర్యాదు నడుపుతారా?"

తవిటయ్య జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. జేబులోంచి తీసింది కాగితం కాదు, చెవిమిషను. దాన్ని బల్ల మీద పెట్టాడు. "నడుపుతాం అమ్మా."

హాల్దార్ లేచాడు. తమ కంపెనీ కలకత్తాలో ఉంది, తగువుంటే అక్కడికే రావాలి అన్నాడు. పార్సిల్ అందింది, డబ్బు కట్టింది ఖరగ్‌పూర్‌లో, కాబట్టి ఇక్కడే వింటాం అన్నాడు అధ్యక్షుడు. కొన్నది భార్య, వాడింది భర్త, అతనికి అడిగే హక్కు లేదన్నాడు హాల్దార్. కొన్నవాళ్ల ఇష్టంతో వాడేవాడు కూడా చట్టం ప్రకారం వినియోగదారుడే అన్నారు. మిషను చెమట తగిలి పాడైందన్నాడు హాల్దార్.

"చెవిమిషను ఒంటి మీద కాక అల్మరాలో పెట్టుకుంటారా?" అంది టీచరమ్మ.

హాల్దార్ మొహం గంటుపెట్టుకున్నాడు. తోలుసంచీలోంచి ఫిర్యాదు నకలు తీసి పైకెత్తాడు.

"సార్, ఈ మనిషి చెవిటివాడు. ఆ సంగతి దాచి, రైల్వేలో క్రేన్ కింద పనిచేస్తున్నాడు. తనకి అన్నం పెడుతున్న రైల్వేనే మోసం చేసేవాడి మాట మీరెలా నమ్ముతారు?"

హైమవతి బెంచీ అంచు పట్టుకుంది. అధ్యక్షుడు తవిటయ్య వైపు చూశాడు. టీచరమ్మ ఆ ప్రశ్నని తవిటయ్యకి మళ్లీ చెప్పబోయింది. అక్కర్లేదని అతను చేత్తో వారించాడు.

"ఆయన మాట చూశాను. నిజమే సాబ్, దాచాను. నిన్న సాయంత్రం మా పెద్దసాహెబుకి నేనే చెప్పేశాను. నన్ను మెడికల్ పరీక్షకి పంపమని రాసిచ్చాను." ఒక్కసారి హైమవతి వైపు చూసి మళ్లీ బల్ల వైపు తిరిగాడు. "పట్టాల మీద ఇంజను వచ్చిన రోజునుంచి నాకు నిద్ర లేదు. క్రేన్ కింద నేనొక్కణ్నే ఉండను. నా చెయ్యి చూసుకుని నలుగురు నిలబడతారు. నేను చేసిన తప్పుకి రైల్వే నన్ను అడుగుతుంది. వీళ్లు చేసిన తప్పుకి వీళ్లని మీరు అడగండి."

హాల్దార్ నకలు సంచీలో పెట్టుకుని కూర్చున్నాడు. మిషనుని పరీక్షకి ల్యాబొరేటరీకి పంపమని ఆర్డరు వేశారు.

ఆ సాయంత్రమే సుందర్ రాజు వాళ్లింటికి వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "నీ కోసం ఇన్నేళ్లు నా మెడ మీద కత్తి పెట్టుకున్నాన్రా. ఇప్పుడు నన్ను సంజాయిషీ రాసియ్యమంతన్నారు," అని వెళ్లిపోయాడు. ఆ తరవాత చాలా నెలలు ఆ రెండిళ్ల మధ్య రాకపోకల్లేవు. సుందర్ రాజు ఉద్యోగం పోలేదు గానీ రావలసిన ప్రమోషన్ ఆగిపోయింది.

తవిటయ్య మెడికల్లో ఫెయిలయ్యాడు. కొన్నాళ్లు ఏ పనీ లేక ఇంట్లోనే ఉన్నాడు. తరవాత టూల్‌రూములో కూర్చోబెట్టారు. పనిముట్లు ఇవ్వడం, తీసుకోవడం. ఓవర్‌టైము లేదు, క్రేన్ కింద ఉండే హోదా లేదు. మొదటి రోజు డ్యూటీనుంచి వచ్చి బూట్లు విసిరేసి, "ఆ పెట్టి తెప్పించకపోతే ఇదంతా ఉండదు కదా," అన్నాడు. హైమవతికి కోపం వచ్చింది. "పట్టాల మీదనుంచి లాగకపోతే అసలేటీ ఉండదు," అంది. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

చలికాలంలో ల్యాబు రిపోర్టు వచ్చింది. పెట్టె లోపల తీగ అతుకు తయారీలోనే సరిగ్గా పడలేదనీ, చెమటకి దానికి సంబంధం లేదనీ తేలింది. డబ్బు వాపసు ఇవ్వాలనీ, పడిన కష్టానికి పరిహారం, ఖర్చులు కూడా కట్టాలనీ ఫోరం తీర్పు చెప్పింది. కంపెనీ వెంటనే కట్టలేదు. సూసన్న ఇంకో అర్జీ రాయించింది. కట్టకపోతే జైలుకి పంపే అధికారం ఫోరానికి ఉందని అందులో గట్టిగా రాసింది. ఎండలు ముదిరేవేళకి మనియార్డరు వచ్చింది.

హైమవతి సంతకం పెట్టి డబ్బు తీసుకుంటుంటే సూసన్న కూడా అక్కడే ఉంది. "ఇప్పుడు సెవుల సంగతి రికార్డులో ఉంది కదా. మా ఆసుపత్రిలో డాక్టరుకి సూపించు. మంచి మిషను రాస్తారు," అంది.

అప్పుడే డ్యూటీనుంచి వచ్చిన తవిటయ్య తల అడ్డంగా ఊపాడు. "ఇంకో పెట్టి మీద నమ్మకం రానీ. అప్పుడు సూద్దాం."

సూసన్న వెళ్లాక అతను కూర్చుని బూటు లేసు విప్పుకుంటున్నాడు. "పోస్ట్‌మన్ అంతసేపు ఏటి సెప్పినాడు?" అని అడిగాడు.

హైమవతి వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి, పీట లాక్కుని అతని ఎదురుగా, కిటికీ వెలుతురు మొహం మీద పడేటట్టు కూర్చుంది. మామూలు గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది.